భూఫలకాలు కదులుతున్నాయని ఎవరు చూశారు? రాళ్ల అయస్కాంతత్వం కొలిచే పనిలో ఉన్నవాడి జవాబు

టీచర్ గారూ, ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. తొమ్మిదో తరగతిలో ప్లేట్ టెక్టోనిక్స్ (భూఫలకాల కదలిక) పాఠం చెప్తుంటే ఒక అమ్మాయి లేచి, "దక్షిణ అమెరికా, ఆఫ్రికా అంచులు అతుకుతాయి సరే, అవి కదిలాయని ఎవరు చూశారు సార్?" అని అడిగిందన్నారు. గైడ్లలో వెజెనర్, శిలాజాలు తప్ప ఇంకేమీ దొరకలేదని, గట్టి రుజువు ఏదో చెప్పమని రాశారు. ప్లేటు అంచు హిమాలయాల దగ్గరుంటే 2024లో ములుగులో భూమి ఎందుకు ఊగిందని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే: చూశాం, కొలిచాం, ఇప్పటికీ రోజూ కొలుస్తున్నాం. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) దగ్గరున్న జీపీఎస్ స్టేషన్ ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యం వైపు జరుగుతోంది. అయితే జీపీఎస్ చెప్పేది గత ముప్ఫై ఏళ్ల సంగతే. కోట్ల ఏళ్ల సంగతి తెలియాలంటే సముద్రం అడుగున ఉన్న అయస్కాంత చారలు, నేల మీది లావా రాళ్లలో మిగిలిపోయిన అయస్కాంత దిశ, భూకంపాలు పుట్టే లోతులు చూడాలి. ఈ సిద్ధాంతానికి బలం ఏ ఒక్క రుజువులోనూ లేదు. ఒకరి పని ఒకరికి పట్టని మనుషులు, ఒకదానితో ఒకటి సంబంధం లేని పరికరాలతో కొలిస్తే దాదాపు ఒకే దూరం, ఒకే వేగం వచ్చాయి. అదీ బలం. పటాల అంచులు అతకడం వీటన్నిటిలోకీ బలహీనమైన రుజువు. దురదృష్టం ఏమిటంటే పుస్తకాలన్నీ దాంతోనే మొదలుపెట్టి దాదాపు దాంతోనే ముగిస్తాయి.

మీరు క్లాసులో చెప్పుకోవడానికి వీలుగా మన భారత ఫలకాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. నిజానికి ఈ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇంత దూరం, ఇంత వేగంగా వచ్చిన భూభాగాలు అరుదు.

వెజెనర్ దగ్గర ఏముంది, ఏం లేదు

ఆల్ఫ్రెడ్ వెజెనర్ వాతావరణ శాస్త్రవేత్త. 1912 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటిసారి ఖండాలు జరిగాయని ప్రసంగించాడు. 1915లో పుస్తకం వేశాడు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. అప్పటికి ఆయన మాట నమ్మినవాళ్లు తక్కువే. దీన్ని చాలామంది "మేధావిని లోకం గుర్తించలేదు" అనే కథగా చెప్తారు. నాకు ఆ కథ నచ్చదు. అప్పట్లో కాదన్నవాళ్లు మూర్ఖులేం కాదు. ఖండాలను తోసే బలం ఏదంటే వెజెనర్ చూపించిన బలాలు లెక్కకు ఏమాత్రం చాలవు. గ్రీన్‌లాండ్ ఏడాదికి మీటర్ల లెక్కన జరుగుతోందని ఆయన నమ్మాడు. అసలు వేగం సెంటీమీటర్లలో ఉంటుంది. శిలాజాల సంగతికొస్తే, ఖండాల మధ్య ఒకప్పుడు నేల వంతెనలు ఉండేవని, అవి సముద్రంలో మునిగిపోయాయని చెప్పి సర్దుకోవచ్చు. అలాగే సర్దుకున్నారు కూడా.

అలాగని శిలాజాలను తీసిపారేయొద్దు. మన గోదావరి లోయ బొగ్గునే చూడండి. కొత్తగూడెం, రామగుండం, ఇల్లెందు గనుల్లో బొగ్గు పొరల మధ్య వచ్చే బూడిదరంగు షేల్ రాతిని చీలిస్తే నాలుక ఆకారంలో ఉన్న ఆకు ముద్రలు కనిపిస్తాయి. మధ్యలో లావుపాటి ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్న ఈనెలు. అది గ్లోసాప్టెరిస్. ఇదే మొక్క ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో ఉంది. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ 1912లో చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం, ప్రాణం మీదికొచ్చినా పారేయకుండా లాక్కొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలోనూ ఉంది. దీని విత్తనాలు గాలికి సముద్రాలు దాటేంత తేలికైనవి కావు.

ఆ బొగ్గు పొరలకు కిందున్నది ఇంకా విచిత్రం. తాల్చేర్ పొరలంటారు వాటిని. గోదావరి లోయలోనూ బయటపడతాయి. రకరకాల సైజుల గుండ్లు సన్నటి బురదరాతిలో ఇరుక్కుని ఉంటాయి. కొన్ని గుండ్లకు ఒక పక్క నున్నగా అరిగి గీతలు పడి ఉంటాయి. నది అలా చేయదు. హిమానీనదమే చేస్తుంది. మే నెలలో రామగుండంలో నిలబడి, ఇక్కడ ఒకప్పుడు మంచు పలకలు పాకాయంటే నవ్వొస్తుంది, కానీ రాయి చెప్పేది అదే. ఇలాంటి మంచు గీతలు ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల్లో కూడా ఉన్నాయి. ఖండాలను ఇప్పుడున్నచోటే ఉంచి ఆ గీతల దిశలు చూస్తే కొన్నిచోట్ల మంచు సముద్రంలోంచి ఒడ్డుకెక్కి వచ్చినట్టు ఉంటుంది. అన్నిటినీ దక్షిణ ధ్రువం చుట్టూ కలిపి పెడితే ఒకే మంచు పలక నుంచి బయటికి పాకినట్టు కుదురుతుంది. నేల వంతెన వాదం ఆకులకు జవాబు చెప్పింది కానీ ఈ గీతలకు చెప్పలేకపోయింది.

అయినా ఇవన్నీ "కలిసి ఉండేవి" అని మాత్రమే చెప్తాయి. ఎంత దూరం, ఎంత వేగం అనేవి చెప్పవు. అంకెలు కావాలంటే నా పని దగ్గరికి రావాలి.

రాయిలో మిగిలిపోయిన దిక్సూచి

లావా చల్లబడేటప్పుడు అందులోని మాగ్నటైట్ గింజలు 580 డిగ్రీల సెల్సియస్ కిందికి రాగానే అప్పటి భూ అయస్కాంత క్షేత్రం దిశను పట్టుకుంటాయి. తర్వాత ఖండం ఎటు పోయినా ఆ దిశ రాయితోపాటే ఉంటుంది. ఇందులో మనకు పనికొచ్చేది వంపు. దిక్సూచి ముల్లును పైకీ కిందికీ కూడా తిరిగేలా వేలాడదీస్తే భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా ఉంటుంది. ఉత్తరానికి పోయేకొద్దీ దాని ఉత్తరపు కొస నేలలోకి వంగుతుంది, ధ్రువం దగ్గర నిలువుగా దిగుతుంది. దక్షిణార్ధగోళంలో అదే కొస ఆకాశం వైపు లేస్తుంది. లెక్క చాలా సులువు: వంపు కోణం టాంజెంట్ విలువ, అక్షాంశం టాంజెంట్ విలువకు రెండింతలు. పదో తరగతి పిల్లలు చేయగలరు.

పని ఎలా చేస్తామో కూడా చెప్తాను, ఎందుకంటే "ఎవరు చూశారు" అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. రాజమండ్రి దగ్గర కాటేరు, గోదావరికి అవతల గౌరీపట్నం వైపు కంకర క్వారీలున్నాయి. ఆ నల్లరాయి దక్కన్ లావా కాలం నాటిదే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి బసాల్ట్. లావా పొరల మధ్య సున్నపురాయి పొర ఒకటి ఉంటుంది. అందులో గవ్వలు, సూక్ష్మజీవుల శిలాజాలు దొరుకుతాయి. అక్కడ పెట్రోల్‌తో నడిచే చేతి డ్రిల్లుతో, నీళ్లు పోస్తూ, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న కోర్ తీస్తాం. కోర్ విరవకముందే దానిమీద గీత గీసి, అది ఏ దిక్కుకు, ఎంత వాలుగా ఉందో రాసుకోవాలి. ఆ గీత తప్పితే తర్వాత ల్యాబ్‌లో ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా ప్రయోజనం లేదు. మామూలు దిక్సూచిని కూడా నమ్మలేం. బసాల్టే దాన్ని లాగేస్తుంది. అందుకే సూర్యుడి నీడను బట్టి దిక్కు చూసే సన్ కంపాస్ వాడతాం. మబ్బు పడితే డ్రిల్లు పక్కన పెట్టి కూర్చోవడమే. క్వారీ మేస్త్రీలు వచ్చి "వజ్రాల కోసమా సార్?" అని అడుగుతారు. కాదంటే నమ్మరు.

ల్యాబ్‌లో కోర్‌ను చిన్న బిళ్లలుగా కోసి, భూమి క్షేత్రం లోపలికి రాకుండా తొడుగులు వేసిన ఓవెన్‌లో మెట్టుమెట్టుగా వేడి చేస్తాం. ప్రతి మెట్టు తర్వాత మాగ్నటోమీటర్‌లో కొలుస్తాం. ఇది ఎందుకంటే రాయి మీద తర్వాతి కాలాల అయస్కాంతత్వం కూడా పూతలా చేరుతుంది. తక్కువ వేడికే ఆ పూత పోతుంది. 500 డిగ్రీలు దాటాక కూడా దిశ మారకుండా నిలబడితే అది లావా చల్లబడ్డప్పటిదని నమ్మొచ్చు. కొన్ని నమూనాల్లో దిశ పిచ్చిపిచ్చిగా, బలం మాత్రం విపరీతంగా ఉంటుంది. అక్కడ ఎప్పుడో పిడుగు పడిందన్నమాట. వాటిని తీసేస్తాం.

దక్కన్ లావాలో ఎక్కువ భాగం చూపించే దిశ ఏమిటంటే, దక్షిణం నుంచి కాస్త తూర్పుకు తిరిగి, 45 నుంచి 50 డిగ్రీలు కిందికి. భూమి అయస్కాంత ఉత్తర, దక్షిణ ధ్రువాలు అప్పుడప్పుడు చోట్లు మార్చుకుంటాయి. ఆ లావా ఎక్కువగా అవి అలా తారుమారై ఉన్న కాలంలో పారింది కాబట్టి దాన్ని తిప్పి చదవాలి. అంటే ఉత్తరం నుంచి కాస్త పడమరకు, 45–50 డిగ్రీలు పైకి. పైకి అంటే దక్షిణార్ధగోళం. 47 డిగ్రీలు అనుకుని పై లెక్క వేస్తే 28 డిగ్రీల దక్షిణ అక్షాంశం వస్తుంది. ఇప్పుడు ఆ రాళ్లు 17, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాయి. ఈ లావా కక్కినప్పుడు దక్కన్, దక్షిణాఫ్రికాలోని డర్బన్ ఇప్పుడున్న అక్షాంశానికి దగ్గర్లో ఉండేదన్నమాట. ఇక్కడే పారి ఉంటే వంపు ముప్ఫై డిగ్రీలకు అటూఇటూగా ఉండాలి, అదీ ఎదురు దిశలో. దిశ కాస్త పడమరకు తిరిగి ఉండటాన్ని బట్టి భారతదేశం వస్తూ వస్తూ అపసవ్యంగా తిరిగిందని కూడా తెలుస్తుంది.

"తారుమారు అని మీరెలా అనుకున్నారు? మీకు కావలసిన జవాబు కోసం తిప్పారేమో" అని తెలివైన పిల్ల అడుగుతుంది. అడగాలి కూడా. రాజమండ్రి లావాలో కింది పొర తారుమారు దిశలో, పై పొర మామూలు దిశలో ఉంది. మామూలు దిశలో ఉన్న పొరలో తిప్పాల్సిన పని లేకుండానే వంపు పైకి ఉంటుంది. రెండు దారుల్లోనూ దక్షిణార్ధగోళమే వస్తుంది.

ఈ కొలతలను మొదట చేసింది 1950లలో. లండన్ ఇంపీరియల్ కాలేజీలో నోబెల్ గ్రహీత పాట్రిక్ బ్లాకెట్ పెట్టిన బృందం ఇండియా రాళ్లు తీసుకెళ్లి కొలిచింది. 1956 కల్లా ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఈ పని సాగింది. గమనించండి, అప్పటికి సముద్రగర్భం విస్తరిస్తోందన్న ఆలోచనే ఇంకా అచ్చులోకి రాలేదు.

ఈ పద్ధతికున్న లోపాలు కూడా చెప్పాలి. ఒకటి, అక్షాంశం తెలుస్తుంది కానీ రేఖాంశం తెలియదు. తూర్పు పడమరలకు ఎంత జరిగినా వంపు మారదు. రెండోది, ఒక్క లావా పొర ఒక్క క్షణాన్ని మాత్రమే చెప్తుంది. అయస్కాంత ధ్రువం శతాబ్దాల్లో అటూఇటూ తూగుతుంటుంది. చాలా పొరలు కొలిచి సగటు తీయకపోతే పది, పదిహేను డిగ్రీల తేడా సులువుగా వచ్చేస్తుంది. ఒకటి రెండు పొరలతో ఖండాన్ని కదిలించేసే వ్యాసాలు కనిపిస్తే నేను పక్కన పెట్టేస్తాను.

సముద్రం అడుగు చెప్పిన సాక్ష్యం

1950లలో మేరీ థార్ప్, బ్రూస్ హీజెన్ అట్లాంటిక్ లోతుల కొలతలను పటంగా గీస్తుంటే నడిమధ్య పర్వత శ్రేణి, దాని నడినెత్తిన పొడవాటి లోయ బయటపడ్డాయి. 1962లో హ్యారీ హెస్, ఆ శ్రేణుల దగ్గర కొత్త సముద్రగర్భం పుట్టి రెండు పక్కలకూ జరుగుతోందని రాశాడు. ఆలోచన బాగుంది, రుజువు లేదు.

రుజువుకు దారి దొరికింది మన పక్క సముద్రంలోనే. సోమాలియాకూ మాల్దీవులకూ మధ్య సముద్రం అడుగున కార్ల్స్‌బర్గ్ రిడ్జ్ అనే అలాంటి పర్వత శ్రేణే ఉంది. 1962లో హెచ్ఎంఎస్ ఓవెన్ అనే ఓడ మీద డ్రమండ్ మాథ్యూస్ అక్కడ అయస్కాంత కొలతలు తీశాడు. కేంబ్రిడ్జ్‌లో ఆయన విద్యార్థి ఫ్రెడ్ వైన్ వాటిని విశ్లేషించాడు. ఒక చార మామూలు దిశ, పక్క చార తారుమారు. కొత్త సముద్రగర్భం పుడుతున్నప్పుడు భూమి ధ్రువాలు మారుతుంటే ఇలాగే ఉండాలని 1963 సెప్టెంబరులో ఇద్దరూ రాశారు. అదే ఆలోచన కెనడాలో లారెన్స్ మోర్లీకీ వచ్చింది కానీ ఆయన వ్యాసాన్ని పత్రికలు తిప్పి పంపాయి.

ఇక్కడ ఆగి ఒక విషయం చూడాలి. ఇంచుమించు అదే సమయంలో అమెరికాలో కాక్స్, డోయెల్, డాల్రింపుల్ అనే ముగ్గురు సముద్రంతో ఏ సంబంధమూ లేకుండా నేల మీది లావాల వయసు పొటాషియం–ఆర్గాన్ పద్ధతిలో తేల్చి, ధ్రువాలు ఎప్పుడెప్పుడు మారాయో కాలపట్టిక తయారుచేస్తున్నారు. చివరి మార్పు సుమారు 7.8 లక్షల ఏళ్ల కిందటిది. ఇప్పుడు సముద్రంలో చారల వెడల్పుల నిష్పత్తి, నేల మీద తేలిన కాలాల నిష్పత్తి ఒకటే కావాలి. కాకపోతే సిద్ధాంతం అక్కడికక్కడే పోయినట్టు. 1966లో పిట్‌మన్, హైర్ట్‌జ్లర్ దక్షిణ పసిఫిక్‌లో ఎల్టానిన్ ఓడ తీసిన ఒక కొలత గీతను అచ్చువేశారు. రిడ్జ్‌కు కుడివైపు గీతను తిప్పి ఎడమవైపు గీత మీద పెడితే ఒకదాని మీద ఒకటి కూర్చుంటుంది. చార వెడల్పులు నేల మీది కాలపట్టికకు సరిపోయాయి. అప్పటిదాకా కాదన్నవాళ్లలో చాలామంది ఆ గీత చూశాకే మారారు.

ఇంకా అనుమానం ఉంటే తవ్వి చూడొచ్చు. తవ్వారు కూడా. 1968 చివర్లో గ్లోమార్ చాలెంజర్ ఓడ దక్షిణ అట్లాంటిక్‌లో వరసగా బోర్లు వేసింది. రాతి అడుగును తాకే చోట ఉన్న మట్టి వయసును సూక్ష్మ శిలాజాలతో తేల్చారు. రిడ్జ్ నుంచి దూరం పెరిగేకొద్దీ వయసు తిన్నగా పెరిగింది, ఒక్కో పక్కకు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల లెక్కన. ఇందులో అయస్కాంతం ప్రమేయమే లేదు. పైగా ఇప్పుడున్న మహాసముద్రాల అడుగున ఎక్కడ చూసినా 20 కోట్ల ఏళ్లు దాటిన రాయి దాదాపు దొరకదు. ఖండాల మీద 400 కోట్ల ఏళ్ల రాళ్లున్నాయి. సముద్రగర్భం ఎప్పటికప్పుడు పుట్టి, ఎక్కడో లోపలికి పోతుంటే తప్ప ఇంత తేడా రాదు.

భారతదేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో చారలు చదివితే ఏం తేలిందంటే, 6.5 కోట్ల ఏళ్ల కిందట మన ఫలకం ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా వేగంతో ఉత్తరానికి వస్తోంది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట, ఆసియాను గుద్దుకున్న కాలంలో, ఆ వేగం ఒక్కసారిగా పడిపోయింది.

పిల్లలతో చేయించదగ్గ లెక్క: రాళ్ల అయస్కాంతత్వం ప్రకారం 28 దక్షిణం నుంచి 18 ఉత్తరం దాకా 46 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున సుమారు 5,100 కిలోమీటర్లు. ఇప్పుడు సముద్రపు చారల నుంచి: మొదటి 1.6 కోట్ల ఏళ్లు 15 సెం.మీ. చొప్పున 2,400 కిలోమీటర్లు, తర్వాతి 5 కోట్ల ఏళ్లు 5 సెం.మీ. చొప్పున 2,500. మొత్తం 4,900. మోటు లెక్కే, దిశలూ వంపులూ పట్టించుకోలేదు. అయినా క్వారీలో తీసిన రాయి, సముద్రం మీద ఓడ లాగిన పరికరం ఇంత దగ్గరగా ఒకే మాట చెప్పడం కాకతాళీయం అనడానికి నాకు నోరు రాదు.

బంగాళాఖాతంలో మాత్రం చారలు ఇంత చక్కగా ఉండవు. గంగా బ్రహ్మపుత్రల మట్టి అక్కడ కిలోమీటర్ల మందంలో పేరుకుంది. అదీకాక మన తూర్పు తీరం అంటార్కిటికా నుంచి విడిపోయాక, సుమారు 12 కోట్ల నుంచి 8.3 కోట్ల ఏళ్ల కిందటి మధ్య, భూమి ధ్రువాలు అసలు తారుమారే కాలేదు. ధ్రువాలు మారకపోతే చారలు పడవు. అందుకే ఆ విడిపోవడం తొలి దశ గురించి ఇప్పటికీ వాదనలున్నాయి. అక్కడ సాయపడేవి నేల మీది రాళ్లు. విశాఖ డాల్ఫిన్స్ నోస్, సింహాచలం, అరకు దారిలో కనిపించే ఖొండలైట్, చార్నకైట్ రాళ్లకు జోడీ తూర్పు అంటార్కిటికాలో రేనర్ అనే ప్రాంతంలో ఉంది. రెండుచోట్లా సుమారు 90 నుంచి 100 కోట్ల ఏళ్ల కిందట ఒకే రకంగా ఉడికిన గుర్తులున్నాయి.

లావా వేసిన బాట

కుట్టు మిషన్ సూది ఉన్నచోటే ఉంటుంది, గుడ్డ జరిగితే కుట్టు వరస పడుతుంది. భూమి లోతుల నుంచి వేడి పైకి ఎగదన్నే చోట్లు కొన్ని అలా దాదాపు కదలకుండా ఉంటాయి. పైన ఫలకం జరిగిపోతుంటే అగ్నిపర్వతాలు వరసగా పడతాయి. దక్కన్ లావా 6.6 కోట్ల ఏళ్లు. దానికి దక్షిణంగా లక్షదీవులు, మాల్దీవుల కింద లావా 5.7 కోట్ల ఏళ్లు, చాగోస్ దగ్గర సుమారు 4.9 కోట్లు. తర్వాత రిడ్జ్ అవతల ఆఫ్రికా ఫలకం మీద మారిషస్ సుమారు 80 లక్షల ఏళ్లు. చివర రీయూనియన్ దీవిలో అగ్నిపర్వతం ఇప్పటికీ మండుతోంది. దక్షిణానికి పోయేకొద్దీ వయసు తగ్గుతూ వస్తుంది. సముద్రంలో బోర్లు వేసి తీసిన రాళ్ల మీద తేలిన వయసులివి.

ఇక్కడ ఒక చిక్కుంది. రీయూనియన్ 21 డిగ్రీల దక్షిణంలో ఉంది. దక్కన్ రాళ్లు 28 అంటున్నాయి. ఆ ఏడు డిగ్రీల తేడా నిజమైనదే. హాట్‌స్పాట్లు, అంటే ఇలా వేడి ఎగదన్నే చోట్లు, కూడా పూర్తిగా స్థిరం కావు, కొద్దిగా జరుగుతాయి. భూమి మొత్తం తన అక్షంతో పోలిస్తే కాస్త ఒరగడం కూడా ఉందంటారు. ఏది ఎంత అన్నది మావాళ్ల మధ్య ఇంకా తేలలేదు. వాదన ఏడు డిగ్రీల గురించే కానీ నలభై ఆరు డిగ్రీల గురించి కాదు.

లోపలికి పోయే చోటు

పుట్టే చోటు ఉంటే పోయే చోటూ ఉండాలి. అది చూపించింది భూకంపాలు. అణు పరీక్షలను పసిగట్టడానికి 1960ల మొదట్లో ప్రపంచమంతా ఒకే రకం సిస్మోగ్రాఫ్‌లు పెట్టారు. మన దేశంలో షిల్లాంగ్, కొడైకెనాల్‌లలోనూ పెట్టారు. వాటితో భూకంపాల చోట్లు, లోతులు కచ్చితంగా తెలిశాయి. సముద్రపు కందకాల దగ్గర భూకంపాలు పైపైన మొదలై, ఖండం కిందికి పోయేకొద్దీ లోతవుతూ 700 కిలోమీటర్ల దాకా వాలుగా ఒక పలకలా దిగుతాయి. ఆ లోతులో రాయి వేడికి మెత్తబడి ఉండాలి, పగలకూడదు. పగులుతోందంటే పైనుంచి చల్లటి గట్టి పలక దిగుతోందని అర్థం. 1968లో ఐజాక్స్, ఆలివర్, సైక్స్ ఇదంతా కలిపి రాసిన వ్యాసం, నా దృష్టిలో, ఆ కాలపు వ్యాసాల్లో అన్నిటికంటే శుభ్రమైనది.

మనకు దగ్గరలో ఇది జరిగే చోటు అండమాన్–సుమత్రా. 2004 డిసెంబర్ 26న అక్కడ సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున పగులు జారింది. ఆంధ్ర తీరానికి కూడా సునామీ వచ్చింది, గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత ఉత్తర అండమాన్ పడమటి ఒడ్డున పగడపు దిబ్బలు నీళ్లపైకి లేచి ఎండిపోయాయి. గ్రేట్ నికోబార్‌లో ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది, లైట్‌హౌస్ అడుగు నీళ్లలోకి పోయింది. ఒక అంచు లేవడం, ఇంకో భాగం కుంగడం అనేది కింద ఒక ఫలకం, పైన ఇంకోటి ఉన్నప్పుడు జారితే వచ్చే నమూనాయే.

"ఎవరు చూశారు" అంటే

1980లలోనే, కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న క్వాసార్లు అనే ఖగోళ వస్తువుల రేడియో తరంగాలను రెండు ఖండాల్లో ఒకేసారి పట్టి, అమెరికాలోని వెస్ట్‌ఫోర్డ్‌కూ స్వీడన్‌లోని ఒన్సాలాకూ మధ్య దూరం ఏడాదికి సుమారు 1.7 సెంటీమీటర్లు పెరుగుతోందని కొలిచారు. అంటే అట్లాంటిక్ వెడల్పు పెరగడాన్ని నేరుగా చూసినట్టే. ఇప్పుడు జీపీఎస్ ఆ పని చవకగా చేస్తోంది. హైదరాబాద్, బెంగళూరు రెండూ ఒకే వేగంతో జరుగుతాయి, వాటి మధ్య దూరం దాదాపు మారదు. హైదరాబాద్‌కూ లాసాకూ మధ్య దూరం మాత్రం ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్లు తగ్గుతోంది. ఫలకం లోపల మార్పు లేకుండా అంచు దగ్గరే ఉండాలని సిద్ధాంతం 1960లలోనే చెప్పింది, అప్పటికి జీపీఎస్ లేదు. ఆ తగ్గిన దూరమే హిమాలయాల కింద బిగుతుగా పోగై ఉంటుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో అది వదిలినప్పుడు ఖాట్మండూ కొన్ని క్షణాల్లో సుమారు 2 మీటర్లు దక్షిణానికి జరిగింది.

ఒక జాగ్రత్త: వారం రోజుల జీపీఎస్ డేటా చూసి ఎవరైనా ఏదైనా చెప్తే నమ్మొద్దు. వానాకాలంలో నీటి బరువుకే నేల కొద్దిగా కుంగి, ఎండాకాలంలో లేస్తుంది. కొన్నేళ్ల డేటా ఉంటేనే ఆ ఊగిసలాట వెనకున్న అసలు కదలిక బయటపడుతుంది.

తేలని సంగతులు కూడా క్లాసులో చెప్పండి, పిల్లలకు అవే నచ్చుతాయి. ఫలకాలను కదిలించే బలాల్లో పెద్దది లోపలికి దిగే పలక తన బరువుతో మిగతాదాన్ని లాగడమే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. భారతదేశం ఒక దశలో అంత వేగంగా ఎందుకొచ్చిందన్నదానికి ఒకటి కంటే ఎక్కువ వివరణలున్నాయి. భూమి మీద ఈ వ్యవస్థ ఎప్పుడు మొదలైందన్నదాని మీద వంద కోట్ల ఏళ్లకు పైగా తేడా ఉన్న అభిప్రాయాలున్నాయి.

ఇక ములుగు సంగతి. 2024 డిసెంబర్ 4న వచ్చింది 5.3 తీవ్రత. ఆ ప్రాంతానికి ఇది కొత్త కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. ఫలకం లోపల కదలిక ఉండదన్నది స్థూలంగా నిజం, పూర్తిగా కాదు. హిమాలయాల దగ్గర అడ్డం తగలడంతో వచ్చే ఒత్తిడి మొత్తం ఫలకం అంతటా ఉంటుంది. అది బయటపడటానికి పాత బలహీనమైన చోట్లు వెతుక్కుంటుంది. మన బొగ్గంతా పేరుకున్న గోదావరి లోయ, దక్షిణ ఖండాలన్నీ గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉన్న కాలంలో భూమి సాగి పగుళ్ల మధ్య కుంగిన చోటు. ఆ పాత భ్రంశాలు (పగుళ్లు) ఇంకా కిందే ఉన్నాయి. 1993 సెప్టెంబర్ 30న లాతూర్ జిల్లా కిల్లారిలో 6.2 వచ్చి వేలమంది చనిపోయినప్పుడు అక్కడ పైకి కనిపించే పెద్ద భ్రంశం కూడా లేదు. అందుకే ఫలకం మధ్యలో ఉన్నాం కాబట్టి మనకు భూకంపాలు రావని పిల్లలకు చెప్పొద్దు. అరుదుగా వస్తాయని, ఎక్కడ వస్తాయో అంచుల దగ్గర చెప్పినంత బాగా ఇక్కడ చెప్పలేమని చెప్పండి.

మీ స్కూల్ గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా ఉంటే, కాటేరు క్వారీకి పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు యజమానిని ముందే అడిగి, బ్లాస్టింగ్ లేని రోజు చూసుకోండి. ఒక మామూలు దిక్సూచి పట్టుకెళ్లి నల్లరాయికి ఆనించి మెల్లగా జరపమనండి. చాలాచోట్ల ముల్లు పక్కకు లాగుతుంది. డ్రిల్లు, ల్యాబ్ లేకుండా పిల్లలు తమ కళ్లతో చూడగలిగేది అదొక్కటే.